కాలు నేల మీద నిలవాలి: మోషన్ క్యాప్చర్ రికార్డింగ్, క్లీనప్ గురించి

గేమ్‌లోనో యానిమేషన్ సినిమాలోనో ఒక పాత్ర నడుచుకుంటూ వస్తుంది. ముఖం చక్కగా ఉంది, బట్టల మడతలు సహజంగా ఉన్నాయి, వెలుతురు సరిగ్గా పడింది. అయినా చూసేవాళ్లకు ఏదో తేడా కొడుతుంది. ఏమిటో చెప్పలేరు. పాత్ర కాళ్ల వైపు చూస్తే కారణం దొరుకుతుంది. పాదం నేలకు ఆనిన తర్వాత కూడా రెండు మూడు సెంటీమీటర్లు జారుతోంది, తడిసిన గచ్చు మీద నడుస్తున్నట్టు. యానిమేషన్ వాళ్లు దీన్ని ఫుట్ స్లైడింగ్ అంటారు. ఆ ఒంటికి బరువు లేదని ప్రేక్షకుడికి క్షణంలో తెలిసిపోయేది ఇక్కడే.

ఇలాంటి కదలిక చాలాసార్లు మోషన్ క్యాప్చర్ నుంచి వస్తుంది, అంటే నిజమైన నటుడి కదలికను కెమెరాలతోనో సెన్సర్లతోనో కొలిచి పాత్రకు ఎక్కించడం. ఈ తప్పు ఆ నటుడిది కాదు. రికార్డింగ్ జరిగిన రోజు ఆయన పాదం నేల మీద కదలకుండానే నిలిచింది. నటుడి ఒంటి మీద కెమెరాలు చూసిన చుక్కలు, ఆ చుక్కల నుంచి కట్టిన స్కెలిటన్ (ఎముకలు, కీళ్ల నమూనా), ఆ స్కెలిటన్ కదలికను అరువు తెచ్చుకున్న పాత్ర, ఇలా ఒక్కో మెట్టు దాటుతున్నప్పుడు కొంచెం కొంచెంగా పొరపాటు చేరి, చివరికి పాదం దగ్గర బయటపడింది. చేతులు, తల గాలిలో కదులుతాయి కాబట్టి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టుకోలేరు. పాదం పక్కన మాత్రం కదలని నేల ఉంటుంది. అదే కొలబద్ద. అందుకే ఒక మోషన్ క్యాప్చర్ డేటాను ఎంత శ్రద్ధగా తీశారో, ఎంత శ్రద్ధగా శుభ్రం చేశారో తేల్చాలంటే ముందు చూడాల్సింది కాళ్లనే.

సూట్ తొడిగి నటుణ్ణి కెమెరాల మధ్య నిలబెడితే యానిమేషన్ దానంతట అదే తయారవుతుందన్న అభిప్రాయం ఇంకా చాలామందిలో ఉంది. యంత్రం ఇచ్చేది యానిమేషన్ కాదు, కొలతలు. కొలతల్లో తప్పులుంటాయి. ఏది తప్పు, ఏది నటుడి కదలికలోని ప్రాణం అన్నది విడదీయడమే క్లీనప్. కదలికను గీతగా చూపే గ్రాఫ్‌లో ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపించడంతోనే అసలు చిక్కంతా వస్తుంది.

కదలికను ఇలా కొలవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. ఫ్రాన్స్‌లో ఎటియెన్ జూల్ మారే అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1870లలోనే మనుషులకు ఒక రకం బూట్లు తొడిగించి నడిపించారు. అరికాలి కింద గాలి నిండిన చిన్న గది ఉండేది. పాదం నేలను నొక్కగానే ఆ ఒత్తిడి గొట్టం ద్వారా వెళ్లి గీతగా నమోదయ్యేది. ఏ కాలు ఎప్పుడు ఆనిందో, ఎప్పుడు లేచిందో ఆ గీతలు చెప్పేవి. 1880లలో ఆయనే మనిషికి నల్ల బట్టలు తొడిగి, చేతుల వెంట, కాళ్ల వెంట తెల్లని గీతలు, కీళ్ల దగ్గర చుక్కలు పెట్టి ఒకే ప్లేటు మీద వరుసగా ఫొటోలు తీశారు. ఒళ్లు మాయమై కదలిక ఒక్కటే మిగిలింది. నేటి సూట్లు, మార్కర్లు చేస్తున్నది కూడా అదే. 1915లో అమెరికా యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ రూపొందించిన రోటోస్కోప్ వేరే దారి పట్టింది. సినిమా ఫ్రేములను ఒక్కొక్కటిగా అద్దం మీద వేసి, దాని మీద బొమ్మ గీసేవారు. అక్కడ శుభ్రం చేసే పని గీసేవారి చేతిలోనే జరిగిపోయేది. ఎటియెన్ మారే పట్టిన దారిలో కొలత ముందు, బొమ్మ తర్వాత. కొలతలో పడిన తప్పును తర్వాత ఎవరో ఒకరు వెతికి తీయాలి.

చుక్క ఎలా దొరుకుతుంది

స్టూడియోల్లో ఎక్కువగా నమ్మేది ఆప్టికల్ పద్ధతిని. ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టిన వైకాన్, అమెరికాకు చెందిన ఆప్టిట్రాక్ లాంటి కంపెనీల సిస్టమ్‌లు ఈ కోవలోవే. నటుడి సూట్ మీద చిన్న చిన్న గుండ్రటి మార్కర్లు అంటిస్తారు. ఒంటికి సాధారణంగా 14 మిల్లీమీటర్లవి వాడతారు, ముఖానికైతే బాగా చిన్నవి. రోడ్డు పక్క సైన్‌బోర్డులు రాత్రిపూట లైటు పడగానే మెరుస్తాయి కదా, మార్కర్ మీద పూత కూడా అలాంటిదే. కెమెరా లెన్సు చుట్టూ ఉన్న లైట్లు ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చిమ్ముతాయి. అది మార్కర్‌కు తగిలి తిరిగి లెన్సులోకే వస్తుంది. కెమెరాకు నటుడు కనబడడు. చీకట్లో కొన్ని తెల్ల చుక్కలు మాత్రమే కనబడతాయి.

ఒక్క కెమెరాకు చుక్క ఏ దిక్కున ఉందో తెలుస్తుంది కానీ ఎంత దూరంలో ఉందో తెలియదు. రెండు మేడల మీద నిలబడిన ఇద్దరు ఒకే గాలిపటం వైపు వేలు చూపిస్తే, ఆ రెండు చూపులు కలిసే చోట గాలిపటం ఉన్నట్టు. కాబట్టి ప్రతి మార్కర్ ఏ క్షణంలోనైనా కనీసం రెండు కెమెరాలకు కనబడాలి. మూడింటికి కనబడితే నమ్మకంగా ఉంటుంది. నటుడు కింద కూర్చున్నా, చేతులు కట్టుకున్నా, ఇద్దరు నటులు కౌగిలించుకున్నా మార్కర్లు మూసుకుపోతాయి. డేటాలో అక్కడ గ్యాప్ పడుతుంది.

దిక్కులు కలవాలంటే కెమెరాలు ఎక్కడున్నాయో కంప్యూటర్‌కు కచ్చితంగా తెలియాలి. అందుకే ముందు మార్కర్లున్న ఒక కర్రను ఆ ప్రదేశమంతా ఊపుతూ తిరుగుతారు. ఇదే క్యాలిబ్రేషన్. తర్వాత ఎల్ ఆకారంలో ఉన్న ఒక పట్టీని నేల మీద పెట్టి, ఇదీ నేల, ఇదీ మొదలు అని చెబుతారు. ఈ రెండో పని రెండు నిమిషాలదే కాబట్టి తొందరగా ముగించేస్తుంటారు. అది పెద్ద పొరపాటు. పట్టీ కింద ఏదైనా చిన్న తీగ పడి అర డిగ్రీ వాలిందనుకుందాం. ఎనిమిది మీటర్ల పొడవున్న చోట అటు చివరకు వెళ్లేసరికి నేల ఏడు సెంటీమీటర్ల తేడాతో ఉంటుంది. నటుడు ఇటు నుంచి అటు మామూలుగా నడిచినా పాత్ర మాత్రం ఎత్తు ఎక్కుతున్నట్టో, నేలలో కూరుకుపోతున్నట్టో కనబడుతుంది. ఆ రోజు తీసిన ప్రతి టేక్‌లోనూ ఇదే తప్పు ఉంటుంది. పొద్దున చేసిన క్యాలిబ్రేషన్‌ను భోజనం తర్వాత మళ్లీ చూసుకోవాలి. ఎవరి భుజమైనా కెమెరా స్టాండుకు తగిలితే చాలు, లెక్క మారిపోతుంది.

మార్కర్ ఎక్కడ అంటించాలన్నది కూడా పాదం నుంచి ఆలోచిస్తే బాగా అర్థమవుతుంది. కండ మీద పెట్టిన మార్కర్ కండతో పాటు ఊగుతుంది. ఎముక పైకి తేలిన చోట, అంటే చీలమండ గుబ్బ, మోకాలి పక్క, మోచేయి, మణికట్టు దగ్గర పెడితే ఎముక వెంటే కదులుతుంది. బూటు మీద మడమకొకటి, బొటనవేలి వైపొకటి, చిటికెనవేలి వైపొకటి ఉంటేనే పాదం ఎటు వాలిందో, మడమ ఎప్పుడు లేచిందో తెలుస్తుంది. ఖర్చు తగ్గించాలనో టైమ్ లేదనో పాదం మీద మార్కర్లు తగ్గించిన షూట్‌లు, క్లీనప్‌లో దానికి రెట్టింపు రోజులు తింటాయి. కుడి ఎడమలు పోల్చుకోవడానికి వీలుగా రెండు వైపులా మార్కర్లను కాస్త తేడాగా పెట్టడం మంచిది. చెమటకు మార్కర్ ఊడితే మళ్లీ అదే చోట పెట్టేలా ముందే గుర్తు గీసి, ఫొటో తీసి ఉంచుకోవాలి.

మెరిసేది మార్కర్ ఒక్కటే కాదు. వాచీ, కళ్లజోడు, బూటు మీది మెరుపు పట్టీ, నగలు, అన్నీ కెమెరాకు చుక్కలే. కూచిపూడి లాంటి నాట్యాన్ని రికార్డు చేయాలంటే ఇది పెద్ద సమస్య. గజ్జెలు, వడ్డాణం, తరంగంలో కాళ్ల కింద ఉండే ఇత్తడి పళ్లెం, అన్నీ తళతళలాడతాయి. గజ్జెలు తీసేయడం సులువే. కానీ వాటి బరువు ఉన్నప్పుడు కాలు లేచే తీరు వేరు, లేనప్పుడు వేరు. పైగా నర్తకి తాళం నిలబెట్టుకునేది ఆ చప్పుడుతోనే. పల్చటి నల్ల గుడ్డ చుట్టి గజ్జెలను ఉంచుకోవడమే మేలైన దారి. పళ్లేనికి కూడా విడిగా మార్కర్లు పెట్టి దాన్ని ఒక వస్తువుగా రికార్డు చేయాలి. లేకపోతే అరికాలికీ పళ్లెం అంచుకీ మధ్య సంబంధం డేటాలో ఎక్కడా మిగలదు. తర్వాత దాన్ని ఊహించి గీయాల్సిందే.

టేక్ మొదలయ్యే ముందు నటుడు చేతులు బారచాపి నిలబడాలి. దీన్ని టి-పోజ్ అంటారు. తర్వాత భుజాలు, నడుము, మోకాళ్లు, మడమలు, ప్రతి కీలునూ ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పి చూపించాలి. ఆ ఒక్క రికార్డింగ్ నుంచే సాఫ్ట్‌వేర్ ఈ మనిషి ఎముకల పొడవులు, కీళ్ల చోట్లు లెక్కగడుతుంది. అందులో బద్ధకిస్తే ఆ రోజు స్కెలిటన్ అంతా కొంచెం తప్పుగా ఉంటుంది. పక్కనే మామూలు వీడియో కెమెరా కూడా నడవాలి, రెండింటికీ టైమ్‌కోడ్ (ఏ ఫ్రేమ్ ఏ క్షణానిదో చెప్పే గుర్తు) ఒకటే ఉండాలి.

ఇక వేగం సంగతి. సినిమా సెకనుకు 24 ఫ్రేములే అయినా రికార్డింగ్ 120 ఫ్రేములకు తక్కువ కాకుండా చేయడం మంచిది. కత్తి విసరడం, గంతు వేయడం లాంటివైతే ఇంకా ఎక్కువ. పాదం నేలను తాకే ఆ తాకుడు సెకనులో కొన్ని వందో వంతుల పాటే ఉంటుంది. ఫ్రేములు తక్కువైతే అది రెండు ఫ్రేముల మధ్య సందులో పడిపోతుంది.

సెన్సర్ల సూట్ కథ వేరు. ఎక్స్‌సెన్స్ లాంటి సూట్‌లో ఒంటి మీద 17 సెన్సర్లుంటాయి, కెమెరాలు అక్కర్లేదు. వీధిలోనైనా, చెట్టు కిందనైనా రికార్డు చేయొచ్చు. మార్కర్లు మూసుకుపోవడమనే బాధ లేదు. కానీ సెన్సర్ కొలిచేది తిరిగే వేగాన్ని, త్వరణాన్ని. దాని నుంచి మనిషి ఎక్కడున్నాడో లెక్క తీయాలంటే కూడికల మీద కూడికలు చేయాలి. చిన్న తప్పు సెకను సెకనుకూ పెరుగుతుంది. మనిషి తిరిగి మొదలెట్టిన చోటికే వచ్చినా, డేటాలో మాత్రం అడుగు దూరంలో తేలతాడు. దగ్గర్లో ఇనుప దూలాలుంటే అయస్కాంత సెన్సర్ దారి తప్పుతుంది. ఈ పెరిగే తప్పును ఆపడానికి సాఫ్ట్‌వేర్లు నమ్ముకునేది కూడా పాదాన్నే. నేలకు ఆనిన పాదం వేగం సున్నా అన్న ఒక్క నిజాన్ని పట్టుకుని మిగతా ఒంటిని సరిదిద్దుతాయి. ఆనాడు ఎటియెన్ మారే బూట్ల కింద కొలిచిందే ఇక్కడా ఆధారం.

అందరికీ అందుబాటులో ఉన్న ఒక నమూనా

ఇదంతా నేర్చుకోవడానికి స్టూడియో గుమ్మం ఎక్కాల్సిన పని లేదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం గ్రాఫిక్స్ ల్యాబ్ తమ మోషన్ క్యాప్చర్ డేటాను ఎప్పటినుంచో ఉచితంగా ఇస్తోంది. 2,605 టేక్‌లున్నాయి. నడక, పరుగు, దూకడం, బాస్కెట్‌బాల్, నాట్యం, ఇద్దరు కలిసి చేసే పనులు, చాలా రకాలు. భారతీయ నృత్యం అన్న పేరుతో కూడా కొన్ని టేక్‌లు కనబడతాయి. ఈ రంగంలో అడుగుపెట్టే తెలుగు విద్యార్థులు కోర్సులకు లక్షలు కట్టే ముందు ఈ ఫైళ్లతో ఒక నెల కూర్చుంటే చాలా మేలు.

ఆ డేటా ఎలా తీశారో వాళ్లే చెప్పారు. 12 వైకాన్ కెమెరాలు, సెకనుకు 120 ఫ్రేములు, నటుడి నల్ల సూట్ మీద 41 మార్కర్లు, సుమారు మూడు మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవున్న చోటు. ఈ నాలుగు వివరాల నుంచే డేటాలో ఏం దొరుకుతుందో, ఏం దొరకదో ఊహించవచ్చు. ఎనిమిది మీటర్లలో మనిషి పది పన్నెండు అడుగులు వేస్తాడు. మొదటి రెండు అడుగులు వేగం అందుకోవడానికి, చివరి రెండు ఆగడానికి పోతాయి. నిలకడైన నడక మధ్యలో కొద్దిగానే ఉంటుంది. గేమ్ కోసం నడకను లూప్ చేయాలంటే ఆ కొద్ది నుంచే ఒక జత అడుగులు ఏరుకోవాలి. ఒళ్లంతటికీ 41 మార్కర్లంటే వేళ్లకు మిగిలేది దాదాపు ఏమీ లేదు. కాబట్టి ఆ నృత్యం టేక్‌లలో హస్తముద్రలు ఉండవు. అరచేయి ఎటు తిరిగిందో తెలుస్తుంది, పతాకమా త్రిపతాకమా తెలియదు. ముద్ర లేని నాట్యం డేటా సగం డేటానే అని ఒప్పుకోవాలి.

ఫైళ్ల రకాల గురించి కూడా ఇక్కడే తెలుసుకోవడం మంచిది. సీ3డీ ఫైల్లో ఉండేది మార్కర్ల చుక్కలు. ఏఎస్ఎఫ్, ఏఎంసీ జంటలోనూ, బీవీహెచ్‌లోనూ ఉండేది చుక్కల నుంచి కట్టిన స్కెలిటన్, కీళ్ల కోణాలు. మొదటిది సాక్ష్యం, రెండోది దాని మీద ఇచ్చిన తీర్పు. మోకాలి మార్కర్ పేరు తారుమారైతే సీ3డీలో దాన్ని వెతికి దిద్దవచ్చు. బీవీహెచ్‌కు వచ్చేసరికి ఆ తప్పు తొడ, పిక్క, పాదం అన్నిటి కోణాల్లోకీ పాకిపోయి ఉంటుంది. డిస్కులో చోటు కోసం ముడి డేటాను చెరిపేసే అలవాటు ఏ స్టూడియోకూ ఉండకూడదు. కార్నెగీ మెలన్ డేటాను బీవీహెచ్‌లోకి మార్చి, మొదటి ఫ్రేమ్‌లో టి-పోజ్ చేర్చి పంచిపెట్టిన ఔత్సాహికులున్నారు. ఆ ఒక్క ఫ్రేమ్ లేక ఎంతోమంది తమ పాత్రకు కదలిక ఎక్కించలేక ఆగిపోయారు కాబట్టి అది చిన్న సాయం కాదు.

తప్పేది, ప్రాణమేది

క్లీనప్‌లో మొదటి పని పేర్లు. ప్రతి చుక్క ఏ మార్కర్‌దో తేల్చాలి. సాఫ్ట్‌వేర్ చాలావరకు తానే పెడుతుంది. కానీ రెండు చేతులు దగ్గరగా వచ్చి విడిపోయినప్పుడు కుడి మణికట్టు పేరు ఎడమకు అంటుకుంటుంది. గ్రాఫ్‌లో ఇది నిట్టనిలువు గీతలా కనబడుతుంది. దీన్ని పట్టడానికి చిన్న లెక్క చాలు. 120 ఫ్రేముల రికార్డింగ్‌లో మణికట్టు ఒక్క ఫ్రేమ్‌లో 30 సెంటీమీటర్లు దూకిందంటే సెకనుకు 36 మీటర్లు, అంటే గంటకు దాదాపు 130 కిలోమీటర్ల వేగం. మాట్లాడుతూ చేయి ఊపే మనిషికి అది సాధ్యం కాదు. కాబట్టి అది కదలిక కాదు, పేరు మారింది అంతే. ఇలాంటి చోట గీతను నునుపు చేయడం పెద్ద తప్పు. పేరు సరిచేస్తే గీత దానంతట అదే సాఫీ అవుతుంది.

గ్యాప్‌ల దగ్గర అసలు పరీక్ష మొదలవుతుంది. పన్నెండు ఫ్రేముల గ్యాప్ అంటే సెకనులో పదో వంతు. గాలిలో సాఫీగా వెళ్తున్న చేతికైతే అటు చివర, ఇటు చివర చూసి మధ్యలో ఒంపుగా గీత కలిపేయవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో స్ప్లైన్ అన్న మీట చేసేది అదే. అదే గ్యాప్ మడమ మార్కర్‌కు, అదీ పాదం నేలను తాకే క్షణంలో పడితే? స్ప్లైన్‌కు నేల ఉందని తెలియదు. అది కిందికి దిగుతున్న గీతను అలాగే ఒంపుగా తిప్పి, నేల కిందికి తీసుకెళ్లి, పైకి తెస్తుంది. గ్రాఫ్ అందంగా ఉంటుంది, పాదం మాత్రం బురదలో దిగబడి లేచినట్టుంటుంది. అక్కడ స్ప్లైన్‌ను పక్కనబెట్టి, అదే బూటు మీదున్న మిగతా మార్కర్ల ఆధారంగా మడమ ఎక్కడుండాలో లెక్కగట్టాలి. బూటు ఒక గట్టి వస్తువులా కదులుతుంది కాబట్టి ఇది నిజానికి చాలా దగ్గరగా వస్తుంది. ఆసరాకు పక్క మార్కర్లు కూడా లేనంత పెద్ద గ్యాప్ అయితే, వీడియో చూసి చేత్తో యానిమేట్ చేయడమే నిజాయితీ అయిన పని. కుదిరితే మళ్లీ టేక్ తీయాలి.

తర్వాత నాయిస్. కెమెరాలు లెక్కించిన చుక్క నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ కొద్దిగా వణుకుతుంది. దాన్ని తీయడానికి లో-పాస్ ఫిల్టర్ వాడతారు. అంటే నెమ్మదైన కదలికను ఉంచి, వేగంగా ఊగేదాన్ని కోసేస్తారు. నడకను పరిశీలించే వైద్య ల్యాబుల్లో 6 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు ఆరుసార్ల కంటే వేగంగా ఊగేదాన్ని, కోయడం చాలాకాలంగా ఉన్న అలవాటు. అదే అంకెను యానిమేషన్‌లోకి యథాతథంగా తెచ్చుకోవడం వల్ల జరిగే నష్టం అంతా ఇంతా కాదు. కాలు బలంగా తట్టినప్పుడు ఆ దెబ్బ క్షణంలో వచ్చి ఆగిపోతుంది. ఆ హఠాత్తుగా ఆగడంలోనే బలం ఉంది. 6 హెర్ట్జ్ ఫిల్టర్ దాన్ని సాగదీస్తుంది. తట్టిన అడుగు కాస్తా మెల్లగా పెట్టిన అడుగు అయిపోతుంది. కూచిపూడి జతులైనా, గుస్సాడీ అడుగులైనా, యుద్ధం సీన్‌లో సైనికుడి గంతైనా ఇదే గతి. ఫిల్టర్‌ను ఒళ్లంతటికీ ఒకేలా, టేక్ అంతటికీ ఒకేలా వేయకూడదు. వీపుకు, నడుముకు కాస్త గట్టిగా, పాదాలకు చాలా పల్చగా వేయాలి. తాకుడు ఫ్రేముల దగ్గర అసలు వేయకపోయినా తప్పులేదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒకే దిశలో నడిపిన ఫిల్టర్ కదలికను కొద్దిగా ఆలస్యం చేస్తుంది. ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి నడిపితే ఆ ఆలస్యం పోతుంది.

నాయిస్‌కూ నటనకూ తేడా చెప్పడం నిజంగా కష్టమయ్యే సందర్భాలుంటాయి. నటుడు వృద్ధుడి పాత్ర వేస్తూ చేయి వణికించాడు. గ్రాఫ్‌లో అది కూడా వణుకే. అడ్డగోలుగా ఫిల్టర్ వేస్తే పాత్ర ఇరవై ఏళ్ల కుర్రాడిలా చేయి చాపుతుంది. ఇక్కడ పనికొచ్చే ఉపాయం ఒకటుంది. మనిషి చేయి వణికితే మణికట్టు, అరచేయి, వేళ్ల మార్కర్లు అన్నీ కలిసి ఒక లయలో వణుకుతాయి. కెమెరా తప్పు అలా కలిసికట్టుగా రాదు. ఒక మార్కర్ మాత్రమే ఊగుతుంది, పక్కవి నిలకడగా ఉంటాయి. పైగా దానికి లయ ఉండదు. కాబట్టి ఏ గీతనూ ఒంటరిగా చూసి తీర్పు చెప్పకూడదు. ఇరుగుపొరుగు మార్కర్లతో పోల్చి చూడాలి, వీడియో చూడాలి.

హైదరాబాద్‌లోని స్టూడియోల్లోకి బయటి దేశాల నుంచి వచ్చే క్లీనప్ పనిలో ఈ వీడియోతోనే ఇబ్బంది. షూట్ ఎక్కడో జరుగుతుంది, ఫైళ్లు ఇక్కడికి వస్తాయి. శుభ్రం చేసేవాళ్లు ఆ నటుణ్ణి చూడలేదు, ఫ్లోర్ మీద ఏం జరిగిందో తెలియదు. మూడో అడుగు దగ్గర పాదం పక్కకు జారితే అది నటుడు కావాలని తిప్పిన అడుగా, మార్కర్ కదిలిందా అన్నది ఫైల్ చూసి చెప్పలేరు. షూట్ రోజు ఒకరు నోట్‌బుక్‌లో ‘ఏడో టేక్ చివర్లో ఎడమ మడమ మార్కర్ ఊడింది’ అని ఒక్క ముక్క రాసిపెడితే, ఇక్కడ ఒకరికి ఒక పూట పని, దానితో పాటు బోలెడంత టెన్షన్ తప్పుతుంది. పని ఒప్పుకునేటప్పుడే వీడియో, నోట్స్ అడిగి తీసుకోవాలి. అడగడానికి మొహమాటపడాల్సిన అవసరం లేదు.

పాత్ర ఒళ్లు వేరు

మార్కర్ల నుంచి స్కెలిటన్ కట్టడాన్ని సాల్వింగ్ అంటారు. మార్కర్ చర్మం మీదుంటుంది, కీలు లోపలుంటుంది. మధ్యలో కండ, కొవ్వు, బట్ట. తుంటి కీలు అయితే చాలా లోతున ఉంటుంది. ఒక చిన్న పరీక్ష ఉంది. మోకాలు ప్రధానంగా ఒక్క దిక్కుకే మడుస్తుంది, తలుపు బందులాగా. సాల్వ్ చేసిన డేటాలో మోకాలు నడిచేటప్పుడల్లా పక్కకు కూడా వంగుతోందంటే నటుడి మోకాలు చెడిపోలేదు, మార్కర్‌ను పెట్టిన చోటు తప్పింది. గ్రాఫ్‌లో 179 డిగ్రీల నుంచి మైనస్ 179కి దూకే కోణాలు కూడా కనబడుతుంటాయి. అవి రెండూ దాదాపు ఒకే భంగిమ. సాఫ్ట్‌వేర్‌లో ఆయిలర్ ఫిల్టర్ దాన్ని సర్దేస్తుంది, భయపడక్కర్లేదు.

ఆ స్కెలిటన్ కదలికను పాత్రకు ఎక్కించడం రీటార్గెటింగ్. నటుడు అయిదున్నర అడుగుల మనిషి, పాత్ర పదకొండు అడుగుల రాక్షసుడు అనుకుందాం. కీళ్ల కోణాలు అలాగే తెచ్చి, నడుము ప్రయాణం మాత్రం నటుడిదే ఉంచితే, పొడుగు కాళ్లు పెద్ద అంగ వేస్తాయి కానీ ఒళ్లు అంత ముందుకు వెళ్లదు. పాదాలు వెనక్కి జారతాయి. కాళ్ల పొడవుల నిష్పత్తిలో నడుము ప్రయాణాన్ని పెంచితే ఇది చాలావరకు సర్దుకుంటుంది. అంతటితో సరిపోదు. భూమి ఆకర్షణ ఇద్దరికీ ఒకటే. పొడుగు లోలకం నెమ్మదిగా ఊగినట్టు పొడుగు కాలు కూడా నెమ్మదిగా ఊగాలి. కాలు రెట్టింపు పొడవైతే అడుగుకు పట్టే సమయం రెండుకు వర్గమూలం ఎంతో అన్ని రెట్లు, అంటే దాదాపు 1.41 రెట్లు కావాలి. ఈ లెక్క వేయకపోవడం వల్లే చాలా రాక్షస పాత్రలు పెద్ద బొమ్మలా కనబడతాయి తప్ప పెద్ద ప్రాణిలా కనబడవు.

ఇక చివరి పని, పాదాన్ని నేలకు కట్టడం. పాదం ఎత్తు, వేగం రెండూ ఒక హద్దు కంటే తగ్గిన ఫ్రేములను ముందు గుర్తిస్తారు. ఆ ఫ్రేముల్లో పాదం ఒకే చోట ఉండేలా బిగించి, కాలి మిగతా భాగాన్ని ఐకే పద్ధతిలో, అంటే పాదం ఉండాల్సిన చోటు నుంచి వెనక్కి మోకాలు, తుంటి కోణాలు లెక్కగట్టి, దానికి తగ్గట్టు సర్దుతారు. చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు రెండు చోట్ల దెబ్బతింటుంది. మొదటిది, పాదాన్ని మొత్తంగా బిగించేయడం. నడిచే మనిషి మడమ ముందు ఆనుతుంది, తర్వాత అరికాలంతా, తర్వాత మడమ లేచి వేళ్ల మొదళ్ల మీద బరువు పడుతుంది. బిగింపు కూడా అలాగే మడమ నుంచి వేళ్ల మొదళ్లకు జరగాలి. లేకపోతే పాత్ర చెక్క చెప్పులు వేసుకున్నట్టు నడుస్తుంది. రెండోది మోకాలు టక్కున బిగుసుకోవడం. కాలు దాదాపు నిటారుగా ఉన్నప్పుడు పాదం కాస్త దూరంగా బిగించి ఉంటే, ఐకే కాలిని చివరిదాకా లాగేస్తుంది. ఒక ఫ్రేమ్‌లో మోకాలు పటుక్కున నిటారవుతుంది. కొత్తవాళ్లు మోకాలి దగ్గర కీఫ్రేములు పెట్టి చేత్తో దిద్దడం మొదలెడతారు. దిద్దాల్సింది నడుమును. నడుమును కొన్ని మిల్లీమీటర్లు దించితే మోకాలికి ఊపిరాడుతుంది, ఎవరి కంటికీ తెలియదు. ఈ మార్పులన్నీ అసలు డేటా మీద కాకుండా దాని పైన విడి లేయర్ (పొర) మీద చేయాలి. రేపు డైరెక్టర్ పాత నడకే బాగుందంటే లేయర్ ఆపేస్తే చాలు.

నిజంగా జారే పాదాలూ ఉన్నాయి. నర్తకి వేళ్ల మీద గిరుక్కున తిరుగుతుంది, ఆటగాడు జారుతూ ఆగుతాడు, ముసలాయన కాలీడుస్తాడు. ఆటోమేటిక్ బిగింపు వీటన్నిటినీ తప్పులుగానే చూస్తుంది. మెషీన్ లెర్నింగ్‌తో నడిచే కొత్త పద్ధతులను కూడా ఈ కోణం నుంచే తూచాలి. 2018లో గేమ్ కంపెనీ యుబిసాఫ్ట్ పరిశోధకుడు డేనియల్ హోల్డెన్ ఒక పద్ధతి ప్రచురించారు. శుభ్రమైన కదలికను తీసుకుని, దానికి కావాలనే మార్కర్ తప్పులు కలిపి, తప్పుల నుంచి మళ్లీ శుభ్రమైన స్కెలిటన్‌ను రాబట్టడం న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పారు. మనుషులు రోజుల తరబడి చేసే పనిలో పెద్ద భాగాన్ని ఇది తీసేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ అలాంటి నెట్‌వర్క్‌కు తెలిసిన మంచి కదలిక అంటే అది చూసి నేర్చుకున్న కదలికే. నేర్పిన డేటాలో ఎక్కువగా నడకలు, పరుగులు ఉంటే, అరమండిలో మోకాళ్లు పక్కలకు విప్పి కూర్చున్నట్టు నిలబడ్డ ఒళ్లు దానికి వింతగా తోస్తుంది. వింతను తప్పనుకుని మోకాళ్లను ముందుకు నెట్టే ప్రమాదం ఉంది. కూచిపూడి, పేరిణి, గుస్సాడీ, కోలాటం, వీటిని మార్కర్లు తగ్గించకుండా, పాదాలు, వేళ్లతో సహా రికార్డు చేసి, ముడి డేటాతో పాటు అందరికీ అందుబాటులో పెట్టే ప్రయత్నం విశ్వవిద్యాలయాలు చేపట్టాలి. ఆ డేటా లేకుండా పరికరం ఎంత తెలివైనదైనా మన అడుగును గుర్తుపట్టలేదు.

నాట్యం టేక్‌లకైతే క్లీనప్ అయిందో లేదో తేల్చే పరీక్ష చెవితో చేయవచ్చు. షూట్ రోజు వీడియోలో రికార్డయిన గజ్జెల చప్పుడును శుభ్రం చేసిన కదలిక పక్కన పెట్టి, పాత్ర నడుము పైభాగాన్ని దాచేసి, పాదాలు మాత్రమే కనబడేలా నడిపించాలి. 24 ఫ్రేముల సినిమాలో ఒక ఫ్రేమ్ అంటే దాదాపు 42 మిల్లీసెకన్లు. చప్పుడు ముందు వినబడి పాదం రెండు ఫ్రేముల తర్వాత ఆనితే ఫిల్టర్ ఎక్కువైందని అర్థం, ఆ టేక్‌ను మళ్లీ తెరవాలి.